నెల్లూరు ఎండలో వాండా ఆర్కిడ్‌ను పెంచే విధానం

ఆర్కిడ్ అనగానే అది ఊటీలోనో సిక్కింలోనో మంచు మధ్య పెరిగే మొక్క అనీ, మన నెల్లూరు జిల్లా ఎండలకు బతకదనీ చాలామంది అనుకుంటారు. చల్లని కొండల్లో పుట్టిన సింబిడియం వంటి రకాలను తెచ్చుకున్నవారికి ఆ మాట నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే అవి ఇక్కడి మే నెలను దాటడం చాలా కష్టం. అయితే ఆర్కిడ్లలో వేడి ప్రదేశాలకే చెందిన జాతులు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి మన తూర్పు కనుమలలో పాత మామిడి, చింత, ఇప్ప చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే వాండా టెస్సెల్లాటా. సామర్లకోటలో చాలా ఏళ్ళు పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లోనే కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీనిని బొమ్మతో సహా వర్ణించాడు. రేకుల మీద గళ్ళ చీరలాగా అడ్డంగా, నిలువుగా పాకే గోధుమ రంగు గీతలను బట్టి దీనికి ఆ పేరు వచ్చింది. మొదటిసారి ఆర్కిడ్ పెంచాలనుకునేవారు దీనితోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

ఈ మొక్కకు మట్టి అక్కరలేదు. జానెడు పొడవుండే, మధ్యలో కాలువలాగా లోతుగా ఉండే దళసరి ఆకులు కాండానికి రెండు పక్కలా వరుసగా వస్తాయి. ఆకుల మధ్య నుండి పెన్సిలంత లావు వేర్లు గాలిలోకి దిగుతాయి. ఆ వేర్ల మీద తెల్లని దూది వంటి పొర ఉంటుంది. నీరు తగిలిన క్షణంలో అది తాగేసి, లోపలికి పంపి, మళ్ళీ ఆరిపోతుంది. ఆరిన తరువాతే వేరుకు గాలి ఆడుతుంది. బాగా తడవడం, తరువాత పూర్తిగా ఆరడం అనే ఈ రెండూ ప్రతిరోజూ జరిగితే వాండా ఏళ్ళ తరబడి బతుకుతుంది, వీటిలో ఏ ఒక్కటి తప్పినా చచ్చిపోతుంది. వరిమడికి నీళ్ళు నిలగట్టే అలవాటున్న ప్రాంతం మనది. ఆ చేతితోనే దీనికి నీళ్ళు పోయడం వల్లే చాలా మొక్కలు పోతున్నాయి. నా మొదటి వాండా కూడా అలాగే పోయింది. కొన్నచోట దానిని ప్లాస్టిక్ కుండీలో కొబ్బరి పొట్టు నింపి ఇచ్చారు. నేను రోజూ బోరు నీళ్ళు పోశాను. మూడో నెలలో కుండీ తిప్పి చూస్తే వేర్లన్నీ గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పై తొడుగు ఊడి లోపలి దారం మాత్రమే చేతిలో మిగిలింది.

మొక్కను సంపాదించడం

అడవిలో ఉన్న మొక్కను ఊడబెరికి తేవద్దు. పెంచలకోన చుట్టూ ఉన్న అభయారణ్యం వంటి చోట్ల అది చట్టరీత్యా నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొమ్మను కరిచిపట్టుకున్న ముసలి వేర్లను ఊడదీసినప్పుడు అవి సగానికి సగం తెగిపోయి ఆ మొక్క ఇంట్లో ఎన్నాళ్ళో నిలవదు. పైగా దీని వేరును కొన్ని ప్రాంతాలలో రాస్న పేరుతో మందులకు వాడతారు కనుక అడవిలో ఇది ఇప్పటికే తరిగిపోతోంది. కడియం నర్సరీలలో, బెంగళూరు, చెన్నై నర్సరీలలో పెంచిన వాండాలు దొరుకుతాయి. టెస్సెల్లాటా దొరకకపోతే దానికి దగ్గరి వేడి ప్రాంతపు వాండా సంకరాలు తీసుకోవచ్చు, పెంచే పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఊళ్ళలో మామిడి చెట్టు మీద కనిపించే ఈ మొక్కను కూడా బదనిక అనే పిలుస్తారు. చెట్టు రసం పీల్చే అసలు బదనిక వేరు. అది కొమ్మలోకి తన వేరును దింపుతుంది, గుబురుగా పెరుగుతుంది, నారింజ రంగు గొట్టాల వంటి పూలు పూస్తుంది. వాండా కొమ్మ బెరడును పట్టుకుని కూర్చుంటుంది, అంతే. చెట్టు నుండి చుక్క రసం కూడా తీసుకోదు. ఈ తేడా తెలియక తోట శుభ్రం చేసేటప్పుడు రెండింటినీ కలిపి నరికేస్తారు. మీకు తెలిసిన తోటలో గాలివానకు కొమ్మ విరిగిపడి దాని మీద వాండా ఉంటే, తోట యజమానిని అడిగి ఆ కొమ్మ ముక్కతో సహా కోసి తెచ్చుకోండి. వేరు కదలని అటువంటి మొక్క అన్నిటికంటే తేలికగా నిలదొక్కుకుంటుంది.

నర్సరీలో కొనేటప్పుడు పువ్వును చూసి మోసపోకుండా వేర్లను చూడండి. వేళ్ళతో మెల్లగా నొక్కితే గట్టిగా ఉండే వేర్లు కనీసం నాలుగైదు ఉండాలి, వాటిలో ఒకటి రెండింటికైనా కొస పచ్చగా మెరుస్తూ ఉండాలి. అడుగు ఆకులు రాలకుండా ఉండాలి. రెండు పక్కల ఆకులు కలిసే నడిమి మొవ్వులో నీరు నిలిచి నల్లబడిన గుర్తు ఉంటే ఆ మొక్కను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోవద్దు.

చోటు చూసుకోవడం

ఉదయం ఎండ తగిలి, పది గంటల తరువాత నీడ పడే చోటు కావాలి. తూర్పు వైపు వరండా చూరు, లేదా డాబా మీద 50 శాతం షేడ్ నెట్ కింద అయితే సరిపోతుంది. పడమటి గోడ మాత్రం వద్దు, మధ్యాహ్నమంతా కాగిన గోడ రాత్రి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. వెలుగు చాలిందో లేదో ఆకే చెబుతుంది. ఆకులు ముదురు పచ్చగా, మెత్తగా వాలిపోతుంటే వెలుగు తక్కువైనట్టు, అటువంటి మొక్క ఎన్నేళ్ళయినా పూయదు. లేత పచ్చగా, గట్టిగా, అంచున కాస్త ఎర్రని చుక్కలతో ఉంటే సరిపోయినట్టు. పసుపు తిరిగి తెల్లని మచ్చ పడితే ఎండకు కాలినట్టు, ఆ మచ్చ మళ్ళీ పోదు కనుక ముందే జాగ్రత్త పడాలి. ఎల్లప్పుడూ గాలి ఆడుతూ ఉండాలి. కిటికీలు మూసిన గదిలో, ఏసీ గదిలో దీనిని ఉంచకూడదు.

చెక్కకు కట్టడం

ఈ పనికి మన ప్రాంతంలో సరైన సమయం రోహిణి కార్తె వేడి తగ్గిన తరువాత, అంటే జూన్ నడిమి నుండి ఆగస్టు చివరి వరకు. అప్పుడు కొత్త వేర్లు బయలుదేరుతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు మొదలయ్యేలోగా అవి చెక్కను పట్టుకోవడానికి రెండు మూడు నెలల వ్యవధి దొరుకుతుంది.

చెక్క కోసం బెరడు గరుకుగా ఉండి ఊడిపోనిదాన్ని ఎంచుకోవాలి. మామిడి, చింత, తుమ్మ బాగా పనికివస్తాయి. మనకు విరివిగా దొరికే జామాయిల్ కర్ర వద్దు, దాని బెరడు పొరలు పొరలుగా ఊడిపోతుంది కనుక పట్టుకున్న వేరు దానితోపాటే కింద పడుతుంది. జామ కొమ్మతోనూ అదే ఇబ్బంది. చెక్క దొరకకపోతే పాత బంగాళా పెంకు కూడా చాలా మంచిది, అది కుళ్ళదు, నీరు పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. చెక్క అడుగున్నర పొడవు, అరచేయంత వెడల్పు ఉంటే చాలు. దానిని ఒక రోజంతా నీటిలో నానబెట్టి, ఎండబెట్టి, పైభాగాన వేలాడదీయడానికి రంధ్రం చేసుకోండి.

తరువాత మొక్క వేర్లను పది నిమిషాలు మంచినీటిలో ముంచి ఉంచండి. ఎండిన వేరు పెళుసుగా ఉండి విరుగుతుంది, తడిసిన వేరు వంగుతుంది. మెత్తబడిన చచ్చిన వేర్లను మంటకు చూపించి చల్లార్చిన బ్లేడుతో కోసేయండి. ఇప్పుడు మొక్కను చెక్క మీద ఆనించి, మొవ్వు నేరుగా ఆకాశం వైపు కాకుండా కొద్దిగా ముందుకు వాలేటట్టు పెట్టండి. ఈ చిన్న వాలు వల్ల మొవ్వులో పడిన నీరు తనంతట తానే జారిపోతుంది. అడుగు కాండాన్ని రెండు చోట్ల, వేర్లను ఒకటి రెండు చోట్ల పాత నైలాన్ గుడ్డ పీలికతోనో, చేపల వలకు వాడే నైలాన్ దారంతోనో కట్టండి. మొక్క కదలకూడదు, కాని దారం వేరును కోయకూడదు. రాగి తీగ ఎప్పుడూ వాడవద్దు, రాగి వేరుకు విషం. వేరు కొసలోని పచ్చని మొనకు వేలు తగలనివ్వకండి. అది గోరు తగిలినా విరిగిపోతుంది, విరిగిన వేరు ఆ కొసన పెరగడం ఆపేస్తుంది. కింద కొబ్బరి పీచు, నాచు ఏమీ పెట్టనవసరం లేదు. ఎండ మరీ ఎక్కువగా ఉండే ఉదయగిరి, మార్కాపురం వైపు వారు మాత్రం, రెండు రోజులు నీళ్ళు మార్చి నానబెట్టి ఉప్పు పోగొట్టిన కొబ్బరి పీచును పలుచగా ఒక వరుస పెట్టుకోవచ్చు.

పెరట్లో మామిడి చెట్టు ఉంటే ఈ చెక్క కూడా అక్కరలేదు. తలకు కాస్త పైన, తూర్పు వైపు తిరిగిన ఏటవాలు కొమ్మకు నేరుగా కట్టవచ్చు. ఒక ఏడాది గడిచేసరికి వేర్లు బెరడు చీలికల్లోకి ఎంత బలంగా అతుక్కుంటాయంటే, ఆ తరువాత దానికి మీతో పెద్దగా పని ఉండదు.

నీళ్ళు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. ముందు మీ నీటిని తెలుసుకోండి. తీరప్రాంతపు బోర్లలో ఉప్పు, ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతపు బోర్లలో సున్నం ఎక్కువ. ఇటువంటి నీరు రోజూ చల్లితే వేరు మీద తెల్లని పెచ్చు కట్టి, దూది పొర మూసుకుపోయి, కొసలు నల్లబడతాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి. అది చూపే అంకె 200 లోపు ఉంటే నిశ్చింత, 500 దాటితే ఆ నీరు వాడవద్దు. వాన నీటికి సాటి మరేదీ లేదు. వాయుగుండం పట్టిన రోజుల్లో మొదటి అరగంట వానను వదిలేసి, డాబా గొట్టం కింద మూత ఉన్న డ్రమ్ము పెట్టుకుంటే కొద్ది మొక్కలకు ఎండాకాలం వరకు సరిపోతుంది. దోమలు చేరకుండా పలుచని గుడ్డ కట్టడం మరవకండి. ఏసీ నుండి కారే నీటిలో లవణాలు ఉండవు కనుక దానినీ వాడవచ్చు. ఇంట్లో నీటి శుద్ధి యంత్రం బయటికి వదిలే వ్యర్థ జలంలో మాత్రం ఉప్పు రెట్టింపుగా చేరి ఉంటుంది, దానిని వృథా చేయకూడదనే మంచి ఉద్దేశంతో వాండాకు పోసి చంపుకున్నవారు ఉన్నారు.

ఎలా తడపాలో చెబుతాను. ఉదయం ఎండ ముదరకముందు వేర్ల దగ్గర నిలబడి సన్నని తుంపరగా చల్లడం మొదలుపెట్టి, కళ్ళు వేరు మీదే ఉంచండి. అప్పటిదాకా వెండి తెలుపులో ఉన్న వేరు నీటి చుక్క పడినచోట ఒక పచ్చని మచ్చగా మారుతుంది, ఆ మచ్చలు ఒకదానితో ఒకటి కలుస్తూ నిమిషంలో వేరంతా మామిడి పిందె రంగుకు వస్తుంది. అక్కడితో ఆపితే పైపొర మాత్రమే తడిసినట్టు. అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ చల్లండి. రెండోసారి కూడా తెల్లని చారలు కనిపించకపోతే వేరు కడుపు నిండినట్టు. రెండు మూడు గంటల్లో వేరు మళ్ళీ తెల్లబడాలి. సాయంత్రానికి కూడా పచ్చగానే ఉంటే గాలి చాలడం లేదని అర్థం, చోటు మార్చండి.

మార్చి నుండి జూన్ వరకు ఉదయం, సాయంత్రం రెండు పూటలా, జూలై నుండి సెప్టెంబరు వరకు ఒక పూట, జనవరి, ఫిబ్రవరిలలో రోజు విడిచి రోజు తడిపితే చాలు. మధ్యలో వచ్చే వానల నెలల సంగతి తరువాత చెబుతాను. వేసవిలో సాయంత్రం చల్లేటప్పుడు వేర్లకే చల్లి మొవ్వును పొడిగా ఉంచండి. వాండాలు రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకునే రకం. కనుక రాత్రి చుట్టూ కాస్త చెమ్మ ఉండటం వాటికి మేలు చేస్తుంది, మొవ్వులో నీరు నిలిస్తే మాత్రం చేటు.

బలం కోసం ఎరువుల దుకాణంలో దొరికే, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీటిలో పూర్తిగా కరిగే 19-19-19 ఎరువును లీటరుకు అర గ్రాము నుండి ఒక గ్రాము వరకు కలిపి, వారానికొకసారి వేర్లు తడిసిన తరువాతే చల్లండి. పొడి వేరు మీద ఎరువు పడితే కొస కాలుతుంది. నాలుగు వారాలకొకసారి ఎరువు మానేసి మంచినీటితో వేర్లను బాగా కడగండి. పేడ, పిండి చెక్క వంటివి వద్దు, మట్టి లేని మొక్కకు అవి కుళ్ళును, చీమలను మాత్రమే తెస్తాయి.

వడగాలి రోజులు, వాయుగుండం రోజులు

మే నెలలో పడమటి గాలి వీచే మధ్యాహ్నాలు మొక్కకు పరీక్ష. ఎండ కంటే ఆ పొడి గాలే దానిని ఎక్కువ బాధిస్తుంది. సాయంత్రానికి సముద్రపు గాలి తిరిగే నెల్లూరు, కావలి, ఒంగోలు వారికి కొంత ఊరట ఉంది, లోపలి మండలాల వారికి అదీ లేదు. మొక్కకు పడమటి పక్కన తడిపిన గోనె సంచి వేలాడదీసి, కింద నేలను రెండు మూడు సార్లు తడపండి. ఎర్రటి ఎండలో మొక్క మీద నీళ్ళు చల్లవద్దు. ఆకులు ముడతలు పడి నిలువు గాడులు కనిపిస్తే మొక్క దప్పికగా ఉన్నట్టు, అప్పుడు సాయంత్రం వేర్లను మాత్రమే అరగంట నీటిలో ముంచి తీస్తే నాలుగైదు రోజుల్లో తేరుకుంటుంది.

మన జిల్లాకు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఎక్కువగా వస్తుంది. వాన మంచిదే. ఆగని వాన మంచిది కాదు. 2021 నవంబరులో పెన్నకు వరదలు వచ్చిన ఆ వారం, ఇంటిని చూసుకోవడంలో పడి నా మొక్కలను ఆరుబయటే వదిలేశాను. వాన తెరిపి ఇచ్చాక రెండు మొక్కల నడిమి ఆకును వేలితో పట్టుకుంటే, ప్రతిఘటన లేకుండా పైకి వచ్చేసింది. దాని అడుగు నల్లగా, చెడువాసనతో ఉంది. అదే మొవ్వు కుళ్ళు. ఆనాటి నుండి ముసురు పట్టగానే వాటిని చూరు కిందికి మారుస్తాను, వాన ఆగి వేర్లు తెల్లబడే వరకు నీటి జోలికి పోను. ఈదురు గాలికి చెక్కలు ఒకదానికొకటి కొట్టుకోకుండా అడుగున కూడా ఒక తాడు కట్టండి.

మొవ్వు కుళ్ళును మొదట్లోనే చూస్తే, కుళ్ళిన భాగాన్ని లోపలి తెల్లని ఆరోగ్యమైన కండ కనిపించేదాకా కోసి, కోసిన చోట దాల్చిన చెక్క పొడి అద్ది, వేర్లకు తగలకుండా చూసి, వారం రోజులు పొడిగా ఉంచండి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన శిలీంధ్రనాశక మందును లీటరుకు 2 గ్రాములు కలిపి చల్లితే పక్క మొక్కలకు పాకదు, చల్లేటప్పుడు చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ ఉండాలి. తల పోయినంత మాత్రాన మొక్కను పారేయకండి. వేర్లు గట్టిగా ఉంటే రెండు మూడు నెలల్లో పక్క నుండి పిలక వేస్తుంది. నా రెండింటిలో ఒకటి అలాగే బతికింది.

పురుగుల విషయంలో పెద్దగా భయపడవలసింది లేదు. ఆకు అడుగున గోధుమ రంగు బొడిపెల్లాగా కనిపించే పొలుసు పురుగును, తెల్లని పిండినల్లిని పాత బ్రష్షును స్పిరిట్‌లో ముంచి తుడిచేసి, ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి. పిండినల్లిని మోసుకొచ్చేది చీమలు కనుక వేలాడదీసిన తీగకు గ్రీజు పూయడం మంచి ఉపాయం. వానల తరువాత నత్తలు వేరు కొసలను కొరుకుతాయి, రాత్రి టార్చిలైటు వేసి ఏరివేయడమే వాటికి మందు.

పూలు, పిలకలు

కట్టిన మొదటి ఏడాది పూయకపోతే నిరాశ పడవద్దు, మొక్క ఆ ఏడాదంతా వేర్ల మీదే పనిచేస్తుంది. తరువాతి వేసవిలో ఆకు పంగ నుండి ఒక పచ్చని మొన వస్తుంది. అది వేరో పూలకాడో మొదట తెలియదు. వేరు మొన గుండ్రంగా, నున్నగా ఉండి కిందికి తిరుగుతుంది. పూలకాడ కాస్త చదునుగా, చిన్న పొలుసులతో ఉండి వెలుగు వైపు లేస్తుంది. అది కనిపించిన నాటి నుండి మొక్కను తిప్పి పెట్టవద్దు, తిప్పితే కాడ వంకరపోతుంది. కాడకు అయిదు నుండి పది పూలు, ఒక్కొక్కటి రెండు అంగుళాల లోపు వెడల్పుతో విచ్చుకుంటాయి. పసుపు కలిసిన ఆకుపచ్చ రేకుల మీద గోధుమ గళ్ళు, నడుమ నీలం కలిసిన ఊదా పెదవి. ఎండ పొడవగానే దగ్గరికి వెళ్ళి వాసన చూడండి, తీయని పరిమళం ఉంటుంది. పూల మీద నీరు పడనివ్వకపోతే రెండు వారాలకు పైగా నిలుస్తాయి. వాడిన తరువాత కాడను అంగుళం వదిలి కోయండి. కాయ కడితే అది నెలల తరబడి మొక్క బలాన్ని తీసుకుంటుంది, దాని లోపలి విత్తనాలు పిండిలాగా ఉండి, ప్రత్యేకమైన శిలీంధ్రం తోడు లేకుండా మొలవవు. ఇంట్లో వాటితో మొక్కలు చేయలేరు కనుక కాయను తీసేయడమే మంచిది.

మొక్కలు పెంచుకోవాలంటే పిలకలే దారి. అడుగు కాండం నుండి వచ్చిన పిలకకు సొంతంగా వేలెడంత పొడవు వేర్లు మూడైనా వచ్చేవరకు ముట్టుకోకండి. జూలై నెలలో, వాన లేని ఉదయం చూసి, మంటకు చూపించి చల్లార్చిన బ్లేడుతో తల్లి కాండానికి దగ్గరగా కోసి, రెండు కోతలకూ దాల్చిన చెక్క పొడి అద్ది, రెండు రోజులు నీడన ఆరనివ్వండి. మూడో రోజు దానిని కొత్త చెక్కకు కట్టి, తల్లి మొక్క కంటే కొంచెం ఎక్కువ నీడలో, అదే ఎత్తున వేలాడదీసి, కొత్త వేరు కొస పచ్చగా కనిపించేదాకా ఎరువు లేకుండా వాన నీటితోనే తడపండి.